పాట కట్టినవాడి పేరు పాటకు ఉండాలంటే...

కడప జిల్లాలో ఒక చెక్కభజన గురువుగారు ఉన్నారు. పేరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. పగలు సేద్యం చేస్తారు. పొద్దుగూకితే రామాలయం ముందు పిల్లలను నిలబెట్టి అడుగులు, దరువులు నేర్పుతారు. ఆయన దగ్గర నేర్చుకున్న దళాలు చుట్టుపక్కల ఏడెనిమిది గ్రామాలలో ఉన్నాయి. ముప్ఫయ్యేళ్లలో నలభై పాటలకు పైగా సొంతంగా కట్టారు. మాటలూ ఆయనవే, వరుసలూ ఆయనవే.

ఒక శ్రీరామనవమి నాడు మనవడు సెల్‌ఫోన్ పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. "తాతా, నీ పాట!" అని చూపించాడు. పాట ఆయనదే. పాడినవారెవరో తెలియదు. కింద రచన, సంగీతం అని ఇంకెవరిదో పేరు ఉంది. ఆఖరి చరణంలో గురువుగారు తమ ఊరి దేవుడి పేరు పెట్టి ముగించారు. అది తీసేసి మరో ఊరి దేవుడి పేరు అతికించారు. ఆ పేరు అక్కడ ఇమడలేదు. ఒక అక్షరం ఎక్కువై దరువు దాటిపోతోంది. "ఎత్తుకుపోయేవాడు తాళం తప్పకుండా ఎత్తుకుపోయినా బాగుండేది సామీ" అని గురువుగారు నవ్వారు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. తాత దళం ఆడిన వీడియోను మనవడు ఇంటర్నెట్‌లో పెట్టాడు. వారం తిరగకముందే దాన్ని ఆపివేసినట్లు కబురు వచ్చింది. ఈ పాట మీద హక్కు వేరొకరిదని ఫిర్యాదు అందిందట! కట్టినవాడే దొంగ అయ్యాడు. "మన పాట మనం పాడుకోడానికి ఒకరిని అడగాల్నా?" అన్నది గురువుగారి ప్రశ్న.

ఆ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. కోలాటం, భజన, బుర్రకథ, యక్షగానం, బతుకమ్మ, గొబ్బి, పెళ్లి పాట - ఏ ఊరికి వెళ్లినా సొంతంగా పాట కట్టేవారు ఒకరిద్దరు ఉండనే ఉంటారు. పొలానికి పట్టా ఉండాలని వారికి తెలుసు. పాటకు కూడా పట్టా ఉంటుందన్న సంగతి బహుకొద్దిమందికే తెలుసు. ఆ వివరాలు ఇవి.

ముద్ర వేయడం మన పాత అలవాటే

పాటలో కర్త పేరు ఉండాలన్న తలపు మనకు కొత్త కాదు. తాళ్లపాక అన్నమయ్య సంకీర్తనలలో వేంకటేశుని ముద్ర కనిపిస్తుంది. క్షేత్రయ్య పదాలకు మువ్వగోపాలుడు గుర్తు. త్యాగయ్య తన పేరే కృతి చివర పొదిగాడు. వేమన పద్యానికి మకుటం ఉంది. అచ్చు యంత్రాలు, కోర్టులు లేని కాలంలో అదే వారి రిజిస్ట్రేషన్. పాట ఎంత దూరం పోయినా కర్త గుర్తు పాటతోనే పోయేది.

నేడు ఆ గుర్తును చెరపడం చాలా తేలిక అయింది. ఒక పల్లెలో రాత్రి పాడిన పాట తెల్లవారేసరికి దుబాయిలో వినిపిస్తోంది. కాబట్టి పాటలోని ముద్రతో పాటు చట్టం వేసే ముద్ర కూడా అవసరమైంది. ఆ చట్టం పేరు కాపీరైట్ చట్టం. 1957లో పార్లమెంటు చేసింది. 1958 జనవరి 21 నుంచి అమలులోకి వచ్చింది. తర్వాత పలుమార్లు సవరించారు. వాటిలో పాటగాళ్లకు ముఖ్యమైనవి 1994, 2012 సవరణలు.

హక్కు ఎప్పుడు పుడుతుంది?

రిజిస్టరు చేయిస్తేనే హక్కు వస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సొంతంగా పాట కట్టిన క్షణమే కర్తకు హక్కు పుడుతుంది. దానికి దరఖాస్తు అక్కరలేదు, రుసుము అక్కరలేదు.

మరి రిజిస్ట్రేషన్ ఎందుకు? రుజువు కోసం. పొలం మీద తగాదా వస్తే అడంగల్‌లో ఎవరి పేరు ఉందో చూస్తారు గదా! అందులో పేరు ఉన్నంత మాత్రాన తగాదా తీరిపోదు. కాని పేరు ఉన్నవాడి మాటకు బరువు ఎక్కువ. కాదనేవాడే కాదని రుజువు చేసుకోవాలి. కాపీరైట్ రిజిస్టరు కూడా అటువంటిదే. అందులో నమోదైన వివరాలను కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుందని చట్టంలోని 48వ సెక్షను చెబుతోంది.

ఇంకొక మంచి సంగతి ఉంది. 1957 చట్టం మొదట్లో సంగీతాన్ని కాగితం మీద రాసి ఉంటేనే సంగీత రచనగా లెక్కించేది. స్వరాలు రాయడం రాని పల్లె కళాకారుడికి అది పెద్ద అడ్డంకి. 1994 సవరణతో ఆ షరతు పోయింది. నోటితో కట్టిన వరుస కూడా సంగీత రచనే. అయితే నోటి మాటకు సాక్ష్యం దొరకదు గనుక ఏదో ఒక రూపంలో భద్రపరచుకోవడం మనకే మంచిది.

ఒక పాటలో మూడు ఆస్తులు

పాట వినేవారికి ఒక్కటే. చట్టం దృష్టిలో అందులో మూడు ఆస్తులున్నాయి. మొదటిది మాట. అది సాహిత్య రచన. దాని హక్కు రాసినవారిది. రెండోది వరుస. అది సంగీత రచన. దాని హక్కు బాణీ కట్టినవారిది. మూడోది రికార్డింగు. దాని హక్కు పూనుకొని, బాధ్యత వహించి రికార్డు చేయించినవారిది. వీటికి తోడు పాడినవారికి, వాయించినవారికి ప్రదర్శకుల హక్కు అనే వేరే హక్కు ఉంది.

అందరికీ తెలిసిన ఉదాహరణ చెప్పుకుందాం. 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రంలోని 'నాటు నాటు' పాటకు 2023లో ఆస్కార్ బహుమతి వచ్చింది. పాడినవారు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. బహుమతి అందుకున్నది మాత్రం వరుస కట్టిన కీరవాణి, మాట రాసిన చంద్రబోస్. గొంతు వేరు, కర్తృత్వం వేరు అనడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ లేదు.

2017లో మరొక సంగతి జరిగింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా తన పాటలను అనుమతి లేకుండా పాడవద్దని సంగీత దర్శకుడు ఇళయరాజా లాయరు నోటీసు పంపించారు. దశాబ్దాల స్నేహితులిద్దరి మధ్య ఇదేమిటని అభిమానులు బాధపడ్డారు. ఎవరిది ఒప్పు అన్నది అటుంచి, తన గొంతుతో లోకానికి తెలిసిన పాటైనా వేదిక మీద పాడేందుకు అనుమతి ప్రశ్న వస్తుందని ఆనాడు జనానికి తెలిసివచ్చింది.

పల్లెలో ఈ మూడు ఆస్తులు తరచు ముగ్గురి చేతుల్లో ఉంటాయి. మాట పంతులుగారు రాస్తారు. వరుస హార్మోనిస్టు కడతాడు. రికార్డింగు పట్నంలో స్టూడియో వారు చేస్తారు. ఎవరిది ఏదో ముందే కాగితం మీద రాసుకోకపోతే పాటకు పేరు వచ్చిన రోజే తగవు వస్తుంది. స్టూడియోకు డబ్బు మీరు కట్టి ఉంటే ఆ రసీదు భద్రంగా దాచండి. రికార్డు చేయించినది ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు అది ఆదుకుంటుంది.

అన్నమయ్య మాట, నేటి వరుస

రాజంపేట దగ్గరి తాళ్లపాక అన్నమయ్య పుట్టిన ఊరు. ఆయన కాలం చేసి 500 ఏళ్లు దాటింది. ఆయన సంకీర్తనల రాగిరేకులు 1922లో తిరుమల ఆలయంలో వెలుగు చూశాయి. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. ఎలా పాడాలో తెలిపే స్వరాలు లేవు. తర్వాతి కాలంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి పెద్దలు వాటిలో అనేకం స్వరపరిచారు.

కాబట్టి అన్నమయ్య మాట అందరి సొత్తు. ఎవరైనా పాడుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, కొత్త వరుస కట్టుకోవచ్చు. కాని ఈ కాలపు విద్వాంసుడు కట్టిన వరుస అందరి సొత్తు కాదు. దానికి గడువు తీరేదాకా హక్కుదారు ఉంటారు. అన్నమయ్య పాటే గదా అని ఆ వరుసను మన పేరు మీద వేసుకొని అమ్మితే తప్పవుతుంది. అదే విధంగా అన్నమయ్య పదానికి మీరు కొత్త వరుస కడితే ఆ వరుస మీది. మాట మాత్రం మీది కాదు.

హక్కు ఎన్నాళ్లు?

మాటకు, వరుసకు కర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కాలం చేసిన మరుసటి ఏడాది జనవరి నుంచి ఆ 60 లెక్కిస్తారు. ఒక కర్త 2025లో కాలం చేస్తే 2085 డిసెంబరు ఆఖరు దాకా వారసులకు హక్కు ఉంటుందన్నమాట. ఇద్దరు కలిసి కట్టిన పాటయితే ఇద్దరిలో చివరగా పోయినవారి నుంచి లెక్క. రికార్డింగుకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పాడినవారి హక్కు 50 ఏళ్లు.

పూర్వం కర్త తర్వాత 50 ఏళ్లే ఉండేది. 1941లో కాలం చేసిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు 1991 ఆఖరుకు తీరిపోతుందనగా దాన్ని 60కి పెంచారు. ఆ పెంపు దేశంలోని కవులందరికీ వర్తించింది.

ఏది మీది కాదు?

రిజిస్ట్రేషన్‌కు పోయేముందు మన పాటలో మనది ఎంతో నిజాయితీగా చూసుకోవాలి.

తాతల నాటి జానపదం ఎవరి సొంతమూ కాదు. మీ అమ్మమ్మ పాడగా విన్న పాటను మీరు కట్టినట్లు రాసుకుంటే నిలవదు. దానికి మీరు కొత్తగా చరణాలు చేర్చి ఉంటే ఆ చరణాలు మీవి. అయితే పాటను వెదికి సేకరించినవారి శ్రమను గుర్తించడం ధర్మం. 2021లో 'లవ్ స్టోరీ' చిత్రంలోని 'సారంగ దరియా' పాట విషయంలో ఇటువంటి చర్చే నడిచింది. జానపదం ఆధారంగా సుద్దాల అశోక్ తేజ రాసిన పాట అది. మూల జానపదాన్ని వెలికితెచ్చిన గాయనికి గుర్తింపు ఇవ్వాలన్న మాట బయలుదేరి పత్రికలకు, టీవీలకు ఎక్కింది.

ఇక సినిమా వరుస. మన భజనలలో ఇది పరిపాటి. ఫలానా సినిమా పాట వరుస అని పైన రాసి కింద దేవుడి పాట రాస్తారు. ఎన్నికల పాటలూ అంతే. అక్కడ మాట మీది, వరుస వేరొకరిది. మాట వరకే మీరు రిజిస్టరు చేయించుకోగలరు. ఆ పాటను రికార్డు చేసి అమ్మదలిస్తే వరుస హక్కుదారు అనుమతి కావాలి. వీడియోలు ఆగిపోతున్నాయని మొరపెట్టుకునేవారు మొదట ఈ సంగతి చూసుకోవాలి.

భావానికి కూడా హక్కు లేదు. వాన మీద మీరు పాట కట్టారని ఇంకొకరు వాన మీద కట్టకూడదని లేదు. భావం ఎవరి సొంతమూ కాదని, దాన్ని చెప్పిన తీరుకే రక్షణ అని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. పాట పేరు ఒక్కటే కలిసినంత మాత్రాన కూడా దొంగతనం కాదు. పేరుకు విడిగా కాపీరైట్ ఉండదని 2015లో మరో కేసులో అదే కోర్టు తేల్చింది.

రిజిస్ట్రేషన్ చేయించే తీరు

కాపీరైట్ కార్యాలయం దేశం మొత్తానికి ఒక్కటే. అది న్యూఢిల్లీలోని ద్వారకాలో ఉంది. అక్కడికి పోనక్కరలేదు. కార్యాలయం వెబ్‌సైటులో దరఖాస్తు చేసుకోవచ్చు. చేతగానివారు పట్నంలోని నెట్ సెంటరులో తెలిసినవారిచేత నింపించుకోవచ్చు. దరఖాస్తు 14వ నంబరు ఫారం. 2013 నాటి నిబంధనల ప్రకారం మాటకు రూ. 500, వరుసకు రూ. 500, రికార్డింగుకు రూ. 2,000 రుసుము. ఒక్కొక్క రచనకు ఒక్కొక్క దరఖాస్తు పెట్టాలి. అంటే మాట, వరుస రెండూ మీవే అయితే ఒక పాటకు వెయ్యి రూపాయలు. రికార్డింగు కూడా చేర్చితే మూడు వేలు. ఇంతకు మించి ఎవరైనా అడిగితే అది ప్రభుత్వ రుసుము కాదు, వారి కూలి అని గ్రహించాలి.

దరఖాస్తులో పాట పేరు, భాష, కర్త పేరు, చిరునామా, హక్కుదారు ఎవరు, పాట విడుదలైందా లేదా, అయితే ఎప్పుడు అన్న వివరాలు ఇవ్వాలి. పాట ప్రతి జతచేయాలి. వరుసకు స్వరలిపి కూడా ఉంటే మేలు. స్వరాలు రాయడం రాకపోతే సంగీతం తెలిసిన మాస్టారుచేత రాయించుకోవచ్చు. హక్కులో మరొకరికి భాగం ఉంటే వారి సమ్మతి పత్రం జతపరచాలి.

దరఖాస్తు అందగానే డైరీ నంబరు ఇస్తారు. దాన్ని జాగ్రత్తగా రాసుకోవాలి. ఆ తర్వాత 30 రోజులు ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని ఆగుతారు. అభ్యంతరం వస్తే ఇరుపక్షాల మాట విని రిజిస్ట్రారు నిర్ణయిస్తారు. రాకపోతే కాగితాలు పరిశీలిస్తారు. లోటుపాట్లుంటే లేఖ రాస్తారు. దానికి గడువులోగా జవాబు ఇవ్వకపోతే దరఖాస్తు మూలపడుతుంది. కాబట్టి ఎప్పుడూ చూసుకునే ఫోను నంబరు, ఈ-మెయిలు ఇవ్వాలి. నెట్ సెంటరు వారి మెయిలు ఇచ్చి ఊరుకోరాదు. అన్నీ సరిగా ఉంటే రిజిస్టరులో నమోదు చేసి ధ్రువపత్రం ఇస్తారు. నిరాకరిస్తే మూడు నెలల్లోగా హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

డబ్బు లేనివారి మాట?

అన్ని పాటలకు వేలు పోయడం పల్లె కళాకారుడికి సాధ్యం కాదు. హక్కు ఎలాగూ ఉంది గనుక రుజువులు కూడబెట్టుకోవాలి. పాట కట్టిన రోజే నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి. కింద సంతకం చేసి, విన్నవారిలో ఇద్దరిచేత సంతకం చేయించండి. సెల్‌ఫోన్‌లో ఒకసారి పాడి రికార్డు చేసి, దాన్ని నమ్మకమైన ఇద్దరికి పంపి ఉంచండి. జాతర కరపత్రంలో, భజన పుస్తకంలో మీ పాట వేస్తే పేరు, ఊరు, సంవత్సరం వేయించండి. వీడియో పెడితే కింద అవే వివరాలు రాయండి.

పాటను కవరులో పెట్టి తమకు తామే రిజిస్టరు పోస్టు చేసుకొని, విప్పకుండా దాచుకునే అలవాటు కొందరికి ఉంది. తపాలా ముద్ర మీద తేదీ ఉంటుంది గనుక అది ఒక ఆధారమే. కాని అది కాపీరైట్ రిజిస్ట్రేషన్‌తో సమానం కాదు. దాని మీదే భరోసా పెట్టుకోరాదు.

సంతకం పెట్టే ముందు

పాటలు పోగొట్టుకున్నవారిలో దొంగల వల్ల పోగొట్టుకున్నవారికంటే సంతకం వల్ల పోగొట్టుకున్నవారే ఎక్కువ అనిపిస్తుంది. ఒక క్యాసెట్ కంపెనీయో, ఛానెల్ వారో వస్తారు. శాలువా కప్పుతారు. రెండు వేలో, మూడు వేలో చేతిలో పెట్టి ఇంగ్లీషు కాగితం మీద సంతకం అడుగుతారు. చదవకుండా పెట్టరాదు.

చట్టం కర్త వైపు కొన్ని కట్టుబాట్లు పెట్టింది. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. నోటి మాట చెల్లదు. ఏ పాట, ఏ హక్కు, ఎన్నేళ్లు, ఏ ప్రాంతానికి, ఎంత ప్రతిఫలం అన్నవి అందులో ఉండాలి. ఎన్నేళ్లో రాయకపోతే 5 ఏళ్లుగానే భావిస్తారు. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. కొన్నవారు ఏడాదిలోగా ఆ హక్కును వాడుకోకపోతే, కాగితంలో వేరుగా రాసి లేనట్లయితే, బదిలీ రద్దయిపోతుంది. పాతరోజుల్లో క్యాసెట్టుకని ఇచ్చిన హక్కు, ఆనాటికి వాడుకలో లేని కొత్త సాధనాలకు దానంతట అది వర్తించదని 2012 సవరణ చెప్పింది. ఆ సాధనాన్ని ఒప్పందంలో ప్రత్యేకంగా పేర్కొని ఉంటే తప్ప.

హక్కులన్నీ అమ్ముకున్నా కర్తకు మిగిలే హక్కు ఒకటి ఉంది. అది పేరు. ఈ పాట నాది అని చెప్పుకునే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా పాటను వికృతం చేస్తే ఎదిరించే హక్కు 57వ సెక్షను కింద కర్తకు ఉంటాయి.

1977లో ఓడి, 2012లో గెలిచి...

ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ 1969లో ఏర్పడింది. పాటలు రాసేవారికి, స్వరపరిచేవారికి రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ అది. సినిమా పాటల మీద రాయల్టీ కర్తలకా, నిర్మాతలకా అన్న వివాదం సుప్రీంకోర్టుకు ఎక్కింది. డబ్బిచ్చి పాట కట్టించుకున్న నిర్మాతే, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు అని 1977లో తీర్పు వచ్చింది. ఆ తర్వాత మూడున్నర దశాబ్దాలు కవులు, సంగీత దర్శకులు ఒకసారి పారితోషికం పుచ్చుకొని ఊరుకోవలసి వచ్చింది.

2012లో పార్లమెంటు చట్టాన్ని మార్చింది. రాజ్యసభ సభ్యుడుగా ఉన్న కవి జావేద్ అఖ్తర్ దీనికోసం గట్టిగా వాదించారు. సినిమా హాలులో చిత్రంతో పాటు ప్రదర్శించడం మినహా, మిగతా వాడకాలపై వచ్చే రాయల్టీలో కర్తకు సమాన వాటా ఉంటుంది. ఆ వాటాను కర్త వదులుకున్నా చెల్లదు. వారసులకు, కాపీరైట్ సంఘానికి తప్ప మరెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. సినిమాకే కాదు, విడిగా వచ్చే రికార్డింగులలోని మాటకు, వరుసకు కూడా ఇటువంటి రక్షణే ఉంది. మన పల్లె పాటను ఎవరైనా సినిమాకో, ఆల్బమ్‌కో అడిగినప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి.

జాతరలో పాడితే తప్పా?

కాపీరైట్ అనగానే పెళ్లిలో పాట పెడితే కేసు పెడతారేమోనని భయపడేవారు ఉన్నారు. ఆ భయం అక్కరలేదు. నిజమైన మతపరమైన వేడుకలో పాట పాడినా, రికార్డు వేసినా హక్కు ఉల్లంఘన కాదని 52వ సెక్షను చెబుతోంది. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా అందులో చేరాయి. కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో ఈ సంగతిని మరోసారి ప్రకటించింది. డబ్బు తీసుకోకుండా ప్రేక్షకుల ముందు ఔత్సాహిక బృందం చేసే ప్రదర్శనకు, గుడి సహాయార్థం చేసేదానికి కూడా మినహాయింపు ఉంది. టిక్కెట్టు పెట్టి సొంత లాభానికి చేసే కచేరీలకు, రికార్డు చేసి అమ్ముకోవడానికి ఈ మినహాయింపులు పనికిరావు.

ఎత్తుకుపోతే ఏం చేయాలి?

మొదట ఆధారం భద్రపరచాలి. ఆ వీడియో పేరు, పెట్టిన తేదీ, కింద ఉన్న పేర్లు ఫొటో తీసి ఉంచాలి. వారు తీసేశాక ఏమీ దొరకదు. తర్వాత పెట్టినవారికి ఒక ఉత్తరం రాయాలి. చాలా తగవులు అక్కడే తీరుతాయి. వినకపోతే యూట్యూబు వంటి చోట్ల కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంటుంది. దానికి డబ్బు అక్కరలేదు. రిజిస్ట్రేషన్ పత్రం లేకపోయినా ఫిర్యాదు చేయవచ్చు. మన మీదే తప్పుడు ఫిర్యాదు వస్తే అక్కడే ఎదురు జవాబు ఇచ్చుకోవచ్చు. ఆధారం లేకుండా ఫిర్యాదు చేయడం మాత్రం మనకే ముప్పు.

అప్పటికీ తేలకపోతే కోర్టు. ఇక్కడ పల్లెవాసులకు ఒక వెసులుబాటు ఉంది. ఎత్తుకుపోయినవాడు హైదరాబాదులో ఉన్నా, ముంబాయిలో ఉన్నా దావా వేసేవారు తాము నివసించే జిల్లా కోర్టులోనే వేయవచ్చునని 62వ సెక్షను చెబుతోంది. పాటను ఆపించమని, నష్టపరిహారం, లాభంలో లెక్క ఇప్పించమని అడగవచ్చు. మూడేళ్లలోగా వేయాలి. తెలిసి తెలిసి హక్కును కాజేస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, రూ. 50,000 నుంచి రూ. 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఈ నేరంపై పోలీసులు నేరుగా కేసు నమోదు చేయవచ్చునని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

లాయరును పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, వికలాంగులకు, నిర్ణీత ఆదాయంలోపు ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం ఇవ్వడం దాని విధి.

గురువుగారి పాట ఏమైంది?

గురువుగారి పెట్టెలో పాత నోటు పుస్తకం దొరికింది. పాట కింద తేదీ ఉంది, 2011 అని. మరుసటి ఏడాది నవమికి వేసిన కరపత్రంలో ఆ పాట, కింద ఆయన పేరు, ఊరు అచ్చయి ఉన్నాయి. వాటి నకళ్లు జతచేసి ఆ వీడియో వారికి రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాశారు. ఆఖరి చరణంలో దరువు ఎక్కడ తప్పిందో కూడా రాశారు. ఆ వీడియో వారికి పాట ఇచ్చినది గురువుగారి పాత శిష్యుడేనని అప్పుడు తెలిసింది. అతడు వచ్చి కాళ్ల మీద పడ్డాడు. "పాట కట్టినోనివి నువ్వే అనుకుంటారని పేరు చెప్పలేదు సామీ" అన్నాడట. నెల తిరిగేసరికి వీడియో కింద పేరు మారింది. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. మనవడి వీడియో తిరిగి కనిపించింది. డబ్బు మాత్రం ఏమీ రాలేదు. గురువుగారు అడగనూ లేదు.

నలభై పాటలకు మాటకు, వరుసకు కలిపి రిజిస్ట్రేషన్ చేయించాలంటే నలభై వేలు కావాలి. అంత తేలేనన్నారు. జనం ఎక్కువగా పాడుకునే రెండు పాటలు ఎంచి, రెండు వేలు కట్టి దరఖాస్తులు పెట్టారు. డైరీ నంబర్లు నోటు పుస్తకం అట్ట వెనుక రాసి ఉన్నాయి. మిగిలిన పాటలన్నీ మనవడు కొత్త పుస్తకంలో తిరగరాస్తున్నాడు. ఒక్కొక్క పాట కింద తేదీ, తాత సంతకం, ఇద్దరు దళ సభ్యుల సంతకాలు.

ఇక మీదట ఎవరినీ పాడనివ్వరా అని అడిగితే గురువుగారు చెక్కలు చేతికి తీసుకుంటూ జవాబిచ్చారు. "పాడొద్దని ఎవరికి చెప్పేది? పాడకపోతే పాట ఎందుకు? పది ఊళ్లు పాడుకోవల్ల. అయితే ఎవరు కట్టినారని ఎవరైనా అడిగితే, మా ఊరి పేరు చెప్పల్ల. అంతే."

ఆ చెప్పవలసిన మాటను కాగితం మీద పెట్టడమే రిజిస్ట్రేషన్. మీ ఊళ్లో పాట కట్టేవారెవరైనా ఉంటే ఈ సాయంత్రమే ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను ఇచ్చి రండి. మొదటి పేజీలో తేదీ వేయమని చెప్పండి.